బాపు పెట్టె: కొన్న పుస్తకం, దాని తాళం, నాలుగు బెల్ స్విచ్‌లు

జూన్ 8, ఆదివారం

మా బాపు (నాన్న) కోసం ఈరోజు ఒక ఆడియో పుస్తకం కొన్నాను. తెలుగు నవల, 11 గంటల నిడివి, 349 రూపాయలు. కొన్న గంటకే ఈ డైరీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

బాపుకు 76 ఏళ్లు. 2002లో మూతపడేదాకా వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేశాడు. షిఫ్టు దిగాక సైకిలేసుకుని హన్మకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయానికి పోయి పుస్తకం తెచ్చుకునేవాడు. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. మా ఇంట్లో పుస్తకం అన్న మాటకు అర్థం ఆ సైకిల్ క్యారియర్‌కు కట్టి ఉండే అట్టముక్కే. ఎనిమిదేళ్ల కింద షుగరు రెటీనాను పట్టింది. లేజర్ చేయించాం, ఇంజెక్షన్లు ఇప్పించాం. ఇప్పుడు వెలుగు, చీకటి తేడా తెలుస్తుంది, అంతే.

షుగరు ఆయన వేలికొసల్ని కూడా వదల్లేదు. స్పర్శ బాగా తగ్గింది. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టి, తెలుగులో చదివి వినిపించేలా చేసి, వారం రోజులు నేర్పించాను. అద్దం మీద వేలు ఆనిందో లేదో ఆయనకే తెలియదు. ఒకసారి నొక్కాల్సింది మూడుసార్లు నొక్కుతాడు, పుస్తకం బదులు ఇంకేదో తెరుచుకుంటుంది, విసిగి ఫోన్ పక్కన పెట్టేస్తాడు. దేన్నైనా గట్టిగా నొక్కితే 'టక్' మనాలి, ఆ దెబ్బ మణికట్టు దాకా తెలియాలి. ఆయనకు కావలసింది అలాంటిది.

మా ఇంట్లో పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకర్ ఉంది. దానికి నిజమైన బటన్లున్నాయి. పుస్తకాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అందులో పెడదామనుకున్నాను. ఎక్కలేదు.

జూన్ 10, మంగళవారం

ఎందుకు ఎక్కలేదో ల్యాబ్ అయిపోయాక కూర్చుని చూశాను. (నేను ఒక డిప్లొమా కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. ఈ పనికి అదొక్కటే నా అర్హత.)

యాప్ పుస్తకాన్ని ఫోన్‌లోకి దించుకుంది. 317 ఎంబీ. సెకనుకు 64 కిలోబిట్ల లెక్కన 11 గంటలకు సరిగ్గా అంతే అవుతుంది, అంటే పుస్తకం మొత్తం ఫోన్‌లోనే ఉంది. కానీ అది ఉన్నది యాప్ సొంత అరలో. తంటాలు పడి దాన్ని లాప్‌టాప్‌లోకి తెచ్చినా ఏ ప్లేయరూ గుర్తుపట్టలేదు. ఫైలు పాడైపోయిందా అంటే లేదు, దానికి తాళం వేసి ఉంది. అక్షరాలన్నీ ఒక గణిత సూత్రంతో కలగాపులగం చేసి పెట్టారు. వాటిని మళ్లీ వరుసలో పెట్టే తాళంచెవి కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది, నా ఖాతాకు, ఈ ఫోన్‌కు ముడిపడి ఉంటుంది. యాప్ ఆ చెవితో కొంచెం కొంచెంగా విప్పుకుంటూ, విప్పినదాన్ని నేరుగా స్పీకర్‌కు పంపుతుంది. విప్పిన పుస్తకం బయట ఎక్కడా మిగలదు. దీన్నే డీఆర్ఎం అంటారు.

రాత్రి అన్నం తినేటప్పుడు బాపుకు ఇదంతా చెప్పాను. చేయి కంచంలోనే ఉంచి ఆగాడు.

"పైసలు కట్టినవు గదా బిడ్డా. మరి తాళంచెవి వాళ్ల దగ్గరెందుకున్నది?"

"దొంగతనంగా కాపీలు చేసి అమ్ముకుంటారని, బాపూ."

"మనం అమ్ముకుంటున్నమా?"

నా దగ్గర జవాబు లేదు. కాపీల భయం ఉత్తది కాదు, అది నాకు తెలుసు. నెలల తరబడి గొంతు అరగదీసుకుని చదివినవాళ్ల కష్టం మర్నాడే టెలిగ్రామ్‌లో ఉచితంగా తిరుగుతుంటే వాళ్ల పొట్ట ఎట్లా నిండుతుంది? కాకపోతే ఆ తాళం దొంగకూ, మా బాపుకూ తేడా తెలుసుకోలేదు. అక్కడే నా పేచీ.

జూన్ 15, ఆదివారం

యాప్ కస్టమర్ కేర్‌కు రాశాను. తండ్రికి చూపు లేదు, వేళ్లకు స్పర్శ లేదు, బటన్లున్న ప్లేయర్‌లో వినడానికి వీలయ్యే ఫైలు ఇవ్వగలరా, కావాలంటే డాక్టరు కాగితం పంపుతాను అని. 'మీరు కొనుగోలు చేసిన శీర్షికను మా యాప్‌లో ఎప్పుడైనా వినవచ్చు' అని జవాబు. మళ్లీ రాస్తే మళ్లీ అదే వాక్యం. అచ్చు పుస్తకం వేసిన ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు, ఆడియో హక్కులు తమ చేతిలో లేవని బాధపడ్డాడు.

నిబంధనల పేజీ మొదటిసారి పూర్తిగా చదివాను. 'కొనుగోలు' అన్న బటన్ నొక్కాను కానీ లోపల రాసింది అమ్మకం గురించి కాదు. వినడానికి నాకు అనుమతి ఇచ్చారు, దాన్ని ఇంకొకరికి ఇవ్వకూడదు, వాళ్లు దాన్ని రద్దు చేయవచ్చు. మైక్రోసాఫ్ట్ 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసేసినప్పుడు కొన్నవాళ్ల పుస్తకాలన్నీ తెరుచుకోవడం మానేశాయి. డబ్బు వాపసు ఇచ్చింది నిజమే, పుస్తకాలు మాత్రం పోయాయి. తాళంచెవి ఇచ్చే సర్వర్ ఆగితే ఫైలు మన దగ్గర ఉండీ లాభం లేదు.

పాటల సంగతి చూస్తే ఇంకా బాధేస్తుంది. ఆపిల్ తన ఐట్యూన్స్ దుకాణంలో పాటలకు 2009లోనే తాళం తీసేసింది. అప్పటి నుంచి కొన్న పాట దాదాపు ఏ ప్లేయర్‌లోనైనా పాడుతుంది. ఆడియో పుస్తకాల్లో పెద్ద దుకాణాలు ఆ తాళాన్ని ఇప్పటికీ పట్టుకునే ఉన్నాయి. విని ఆనందించేవాళ్లలో చూపు లేనివాళ్లు అందరికంటే ముందుండే సరుకు ఇది.

జూలై 3, గురువారం

మూడు రోజులుగా ముసురు. మా వీధిలో నెట్ లేదు, ఫోన్ సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప. నేను ఇంట్లో ఉన్నంతసేపు నేనే ఫోన్‌లో పుస్తకం పెట్టి బాపు పక్కన ఉంచుతున్నాను. నిన్న సాయంత్రం యాప్ లైసెన్స్ సరిచూసుకోవడానికి ఇంటర్నెట్ కావాలంది. పుస్తకం ఫోన్‌లోనే ఉంది, 317 ఎంబీ కదల్లేదు, అయినా పలకదు. కథ సరిగ్గా తండ్రీకొడుకులు ఊరు వదిలే చోట ఆగింది.

బాపు ఏమీ అనలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బాపు తానే నొక్కి వినగలిగే బటన్ల పెట్టె ఒకటి నేనే చేస్తాను.

జూలై 13, ఆదివారం

పెట్టె సంగతి తర్వాత, ముందు చట్టం. నెట్‌లో తాళాలు విప్పే ప్రోగ్రాములు దొరుకుతాయని అందరికీ తెలుసు. ఎవరు తయారుచేశారో తెలియని సాఫ్ట్‌వేర్‌లో నా ఖాతా పాస్‌వర్డ్ కొట్టే ధైర్యం నాకు లేదు. పైగా నేను చేసేది తప్పా ఒప్పా తేల్చుకోకుండా బాపు చేతికి ఏదీ ఇవ్వదలుచుకోలేదు. హన్మకొండ కోర్టులో ప్రాక్టీసు చేసే చిన్ననాటి స్నేహితుడి ఇంటికి పోయాను. కాపీరైట్ చట్టం తెరిచి ఇద్దరం రెండు గంటలు కూర్చున్నాం.

చట్టం 1957 నాటిది. మాకు పనికొచ్చే మాటలు 2012 సవరణలో చేరాయి. ఒకటి సెక్షన్ 65ఏ. కాపీ కాకుండా వేసిన సాంకేతిక తాళాన్ని, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో, దాటినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, జరిమానా. వాడు పెన్నుతో 'ఉద్దేశంతో' అన్న మాట కింద గీత గీశాడు. అదే సెక్షన్‌లో కింద ఇంకో మాట ఉంది: ఈ చట్టం నిషేధించని పని కోసం చేసేదాన్ని ఈ సెక్షన్ అడ్డుకోదు.

రెండోది సెక్షన్ 52లో జడ్బీ అనే ఖండిక. వైకల్యం వల్ల మామూలు రూపంలో పుస్తకాన్ని అందుకోలేనివాళ్ల కోసం, వాళ్లకు అందే రూపంలో ఎవరైనా కాపీ చేయవచ్చు, సొంత వాడకం కోసం అలాంటి వైకల్యమే ఉన్న ఇంకొకరితో పంచుకోవచ్చు. అది ఉల్లంఘన కాదు. అంధుల కోసం 2013లో మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది.

"చట్టం మీ బాపు వైపే ఉన్నది. కంపెనీ షరతులు మాత్రం వేరే ముచ్చట. వాళ్లకు నచ్చకపోతే నీ ఖాతా మూసేస్తరు, నువ్వు కొట్లాడుకోవాలె" అన్నాడు.

చివరికి నేను తీసుకున్న నిర్ణయం ఇది. తాళం జోలికి పోను. యాప్‌ను దాని పని దాన్ని చేయనిస్తాను, హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి వచ్చే గొంతును వైరుతో పట్టి రికార్డు చేసుకుంటాను. 11 గంటల పుస్తకానికి 11 గంటలు పడుతుంది. పట్టనీ.

జూలై 20, ఆదివారం

రెండు వైపులా పిన్నులున్న ఆడియో వైరు, ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు, లాప్‌టాప్‌లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాం. ఉదయం 6 గంటలకు మొదలుపెట్టాను.

మొదటి గంట వృథా. ఫోన్ వాల్యూమ్ నిండుగా పెట్టాను, సౌండ్ కార్డు మైక్ గుంత చిన్న సిగ్నల్ కోసం చేసింది, గొంతు చిట్లిపోయింది. వాల్యూమ్ సగానికి తెచ్చి, తెర మీద అలల కొసలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకున్నాక శుభ్రంగా వచ్చింది. రెండోసారి కింద నుంచి 'మ్మ్...' అని సన్నటి రొద. చార్జర్ తీసేస్తే పోయింది. కరెంటు తీగల 50 హెర్ట్జ్ రొద వైర్ల గుండా చేరుతోందన్నమాట. కాబట్టి ఫోన్ గానీ లాప్‌టాప్ గానీ రికార్డు నడుస్తున్నంతసేపు చార్జింగ్‌లో ఉండకూడదు. అంటే ఏకబిగిన 11 గంటలు కుదరదు. రెండున్నర గంటల చొప్పున విడతలు చేసుకున్నాను.

మధ్యాహ్నం దాకా ఫోన్ ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. అమ్మ పక్కగదిలో మాట్లాడటానికి కూడా జంకింది. వైరులోంచి వచ్చే గొంతుకు గది చప్పుళ్లతో పని లేదమ్మా అని చెప్పినా ఆమె గుసగుసలే.

జూలై 27, ఆదివారం

రికార్డు పూర్తయింది. బాపుకు రెండో విడత వినిపించాను. నలభై నిమిషాల దగ్గర చెయ్యెత్తాడు.

"మధ్యల గా టింగుమన్నదేంది?"

వాట్సాప్. ఎవరో శుభోదయం పంపారు. రికార్డులో కథానాయకుడి తల్లి చనిపోయే వాక్యం మధ్యలో ఆ చప్పుడు పడింది. 'డిస్టర్బ్ చేయొద్దు' ఆన్ చేసి ఆ విడత మొత్తం మళ్లీ రికార్డు చేశాను. ఇంకో రెండున్నర గంటలు. ఫైలు ఇచ్చి ఉంటే రెండు నిమిషాల కాపీ. ఈ లెక్క రాసుకోకుండా ఉండలేకపోతున్నాను.

ఇంకో సంగతి. బాపుకు స, శ, ష తేడా సరిగా వినపడదు. ముప్ఫై ఏళ్లు మగ్గాల చప్పుడులో నిలబడ్డ చెవులు, పై శ్రుతులు ముందు పోయాయి. ఆడాసిటీలో 3 కిలోహెర్ట్జ్‌కు పైన కొద్దిగా పెంచి వినిపిస్తే, "ఇప్పుడు మాట తేటగున్నది" అన్నాడు. తాళం వేసిన యాప్‌లో వేగం మార్చే బటన్ ఉంది, ఈ పని చేసేది లేదు. ఫైలు మన చేతిలో ఉంటేనే దాన్ని మన చెవికి తగ్గట్టు దిద్దుకోగలం.

ఆగస్టు 3, ఆదివారం

పెట్టె పని. సామాను చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

మెదడుగా ఆర్డుయినో నానో అనే చిన్న ప్రోగ్రాం బోర్డు. పాడటానికి డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న మాడ్యూల్, బొటనవేలు గోరు కంటే కొంచెం పెద్దది. అందులోనే మెమరీ కార్డు గుంత, 3 వాట్ల యాంప్లిఫయర్. 32 జీబీ దాకా కార్డు తీసుకుంటుంది. పెట్టెగా బాపు పాత రేడియో డబ్బా. లోపలి పాత బోర్డు ఏనాడో చచ్చిపోయింది కానీ చెక్క గట్టిది, స్పీకర్ గుడ్డ చిరగలేదు. వాల్యూమ్ తిప్పే నాబ్ కూడా పాతదే ఉంచాను. ఆర్డుయినో ఆ నాబ్ ఎంత తిరిగిందో చదివి డీఎఫ్‌ప్లేయర్‌కు 0 నుంచి 30 లోపు ఒక అంకె చెబుతుంది. ఆ నాబ్‌ను బాపు వేళ్లు నలభై ఏళ్లుగా ఎరుగు.

బటన్ల కోసం ఆన్‌లైన్‌లో వెతికినవన్నీ చిన్నవి, మెత్తనివి. వరంగల్ చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ దుకాణంలో నిలబడి ఉంటే ఎదురుగా గోడకు కాలింగ్ బెల్ స్విచ్‌లు కనపడ్డాయి. అరచేతితో నొక్కవచ్చు, వదిలితే తిరిగి లేస్తాయి, 'టక్' అని గట్టిగా చప్పుడు. నాలుగు కొన్నాను. ఒకటి ఆపు-నడుపు, ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు, ఒకటి పుస్తకం మార్పు. గుర్తు కోసం వెనక్కి స్విచ్ మీద గరుకు కాగితం, పుస్తకం మార్పు స్విచ్ మీద చొక్కా గుండీ అతికించాను. స్పర్శ తగ్గిన వేలికి కూడా గుండీ ఎత్తు తెలుస్తోంది. అరచేతి అంచుతో తడిమి పట్టుకుంటున్నాడు.

ఈ స్విచ్‌లతో ఒక ఇబ్బంది ఉంది. లోపలి రేకు ఒకసారి నొక్కితే నాలుగైదు సార్లు వణుకుతుంది, ఆర్డుయినో దాన్ని నాలుగైదు నొక్కుళ్లుగా లెక్కపెడుతుంది. మొదటి నొక్కు పడ్డాక 50 మిల్లీసెకన్లు చెవులు మూసుకోమని ప్రోగ్రాంలో రాశాను. బాపు చేయి కూడా కొంచెం వణుకుతుంది, అందుకని చివరికి 300 దగ్గర ఆపాను.

ఆగస్టు 10, ఆదివారం

స్పీకర్‌లో 'టిక్ టిక్' చప్పుడు. ఆర్డుయినో నుంచి డీఎఫ్‌ప్లేయర్‌కు పోయే వైరులో వెయ్యి ఓముల రెసిస్టర్ వేస్తే పోయింది.

పవర్‌బ్యాంక్ మీద నడుపుదామనుకున్నాను. పుస్తకం ఆపి అయిదు నిమిషాలు మాట్లాడితే పెట్టె చచ్చిపోతోంది. కారణం దొరకడానికి ఒక పూట పట్టింది: ఆగి ఉన్నప్పుడు పెట్టె తాగే కరెంటు మరీ తక్కువ, ఏదీ తగిలించలేదనుకుని పవర్‌బ్యాంక్ తనంతట తాను ఆగిపోతోంది. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన మంచి సెల్లు ఒకటి, చార్జింగ్ బోర్డు, 5 వోల్టులకు పెంచే బోర్డు పెట్టాను.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. అసలైన చిక్కు ఈరోజు విప్పాను.

డీఎఫ్‌ప్లేయర్‌కు పాట మొదలుపెట్టడం తెలుసు, పాట మధ్యలోకి పోవడం తెలియదు. 11 గంటల ఫైలు ఒక్కటే ఇస్తే, కరెంటు తీసి పెట్టిన ప్రతిసారీ మొదటి పేజీయే. అందుకని పుస్తకాన్ని ముక్కలు చేయాలి. ఒక ఫోల్డర్‌లో 001 నుంచి 255 దాకా ఫైళ్లు పెట్టుకోవచ్చు. అయిదు నిమిషాల ముక్కలైతే 11 గంటలకు 132. ఏ ముక్క నడుస్తోందో ఆర్డుయినో కరెంటు పోయినా చెరగని తన ఈఈప్రామ్ జ్ఞాపకంలో రాసుకుంటుంది, మళ్లీ వెలిగినప్పుడు అక్కడి నుంచే ఎత్తుకుంటుంది.

ఆ జ్ఞాపకంలో ఒక గడిని లక్షసార్లు తిరగరాయవచ్చని తయారీదారు హామీ. రోజుకు ఆరు గంటలు వింటే 72 రాతలు, అంటే ఒకే గడిని వాడితే 1,388 రోజులు. నాలుగేళ్లు కూడా రాదు. పది గడుల్లో వంతులవారీగా రాసేలా చేశాను. బాపు ఇంకో ముప్ఫై ఏళ్లు వినవచ్చు.

ముక్కలు చేసి వినిపిస్తే బాపు తల అడ్డంగా ఊపాడు.

"మాట మింగుతున్నది."

నిజమే. సరిగ్గా 300 సెకన్లకు కోస్తే కోత ఏదో ఒక మాట నడుమ పడుతోంది, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు పోయే అరసెకనులో 'వచ్చా' అని ఆగి 'డు' అని మొదలవుతోంది. చదివే మనిషి ఊపిరి తీసుకునే చోట కోయాలి. ఆడియోను కోసే, మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాం‌లో నిశ్శబ్దాన్ని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంది. 0.6 సెకన్లకు పైగా గొంతు ఆగిన చోట్లన్నీ జాబితాగా ఇస్తుంది. ప్రతి అయిదో నిమిషానికి దగ్గరలో ఉన్న ఊపిరి దగ్గర కోసేలా చిన్న స్క్రిప్టు రాశాను.

రాత్రి తొమ్మిదింటికి బాపు ఒక్కడే మంచం మీద కూర్చుని, అరచేత్తో స్విచ్ నొక్కి, ముసురు నాడు ఆగిన చోటు వెతుక్కున్నాడు. ముందుకు, ముందుకు, ఒకసారి వెనక్కి. తండ్రీకొడుకులు ఊరు వదిలారు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఈ ఎనిమిదేళ్లలో ఎవరినీ పిలవకుండా ఆయన ఒక పుస్తకం తెరవడం ఇదే మొదలు.

ఆగస్టు 24, ఆదివారం

ఒక పుస్తకంతో ఎన్నాళ్లు? ఒక్కోదానికి 11 గంటల రికార్డింగ్ నా వల్ల కాదు. తాళమే లేని పుస్తకాలు కావాలి.

మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు ఆయన బతికుండగా అచ్చయిన రచనలు అందరివీ అవుతాయి. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు. 2014 జనవరి 1 నుంచి ఆయన రాసినవాటిని ఎవరైనా చదివి రికార్డు చేయవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. బాపుకు ఆయనంటే ప్రాణం. కొత్త ముద్రణలో చేర్చిన ముందుమాటలు వేరేవాళ్లవి కాబట్టి వాటిని వదిలేశాం.

చదివేది మా అన్న కూతురు, డిగ్రీ రెండో సంవత్సరం. రికార్డింగ్ స్టూడియో అంటే మా బీరువా గది: ఫ్యాను బంద్, కిటికీకి బొంత, తల మీదుగా ఇంకో దుప్పటి. పది నిమిషాలకు పిల్ల చెమటతో తడిసిపోతుంది, బయటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ దూరుతుంది. కుక్కర్ విజిల్ రెండుసార్లు, పాలాయన పిలుపు ఒకసారి రికార్డులో పడ్డాయి. వాటిని కోశాను. బాపు గది బయట కుర్చీ వేసుకుని కూర్చుని తప్పులు పడతాడు. "అట్ల గాదు బిడ్డా, ఆడ ఆగద్దు, వాక్యం అయిపోలే." పిల్ల రెండోసారి చదివింది, మూడోసారి చదివింది. సాయంత్రానికి గంటా పది నిమిషాల పుస్తకం తయారు. దీనికి తాళం లేదు, ఖాతా లేదు.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఈ రాత్రి చంద్రగ్రహణం. అమ్మ పొద్దుండగానే వంట ముగించేసింది, నాకు లాప్‌టాప్ ముందు కూర్చోవడానికి టైమ్ దొరికింది.

సుగమ్య పుస్తకాలయలో బాపు పేరు నమోదుకు దరఖాస్తు పెట్టాను. చూపు లేనివాళ్ల కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ లైబ్రరీ అది. కేంద్ర ప్రభుత్వ విభాగం, డైసీ ఫోరం ఆఫ్ ఇండియా కలిసి పెట్టాయి. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) దగ్గర ఉండటం మంచిదయింది. దాన్ని మూడేళ్ల కింద పింఛను కోసం చేయించాం, ఇట్లా పనికొస్తుందని అప్పుడు తెలియదు. ఇంట్లో చూపు తగ్గినవాళ్లుంటే వైకల్య ధ్రువపత్రం ముందే చేయించి పెట్టుకోండి.

డైసీ అనేది చూపు లేనివాళ్ల కోసం చేసిన పుస్తకాల పద్ధతి. డైసీ ఆడియో పుస్తకం లోపల ఉండేవి మామూలు ఎంపీ3 ముక్కలే. ఏ అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న ఫైళ్లు వెంట ఉంటాయి. నా పెట్టెకు ఆ చిన్న ఫైళ్లు అర్థం కావు, కానీ ముక్కల పేర్లు 001, 002 అని మార్చి ఫోల్డర్‌లో వేస్తే చాలు. నమూనా పుస్తకంతో చేసి చూశాను, పలికింది. ప్రతి ఫోల్డర్‌కు మొదటి ముక్కగా పుస్తకం పేరు నా గొంతుతో చదివి పెడుతున్నాను. గుండీ స్విచ్ నొక్కితే 'ఇది ఫలానా పుస్తకం, బాపూ' అని వినపడుతుంది.

సెప్టెంబర్ 21, ఆదివారం

పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మ. అమ్మ, వదిన, పిల్ల సాయంత్రం తంగేడు, గునుగు పేర్చుకుని వేయిస్తంభాల గుడికి పోయారు. ఇంట్లో నేను, బాపు.

ఏడింటికి బాపు మిల్లు దోస్తు వచ్చాడు, మనవడి చేయి పట్టుకుని. ఆయనకు నీటికాసుల జబ్బు, ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది పోతోంది. బాపు పెట్టెను ముందుకు జరిపి ఆయన చేయి తీసి స్విచ్‌ల మీద పెట్టాడు.

"ఇది ఎన్కకు. గరుకున్నది సూడు. ఇది ముంగటికి. గుండీ ఉన్నది పుస్తకం మార్చేది."

ఇద్దరూ గంటసేపు సురవరం గారి వ్యాసం విన్నారు. మధ్యలో రెండుసార్లు ఆపి మిల్లు ముచ్చట్లు పెట్టుకున్నారు, మళ్లీ నడుపుకున్నారు. లేచేటప్పుడు ఆయన మొహమాటంగా అడిగాడు.

"గీ పుస్తకం నాకు ఒక వారం ఇస్తవారా?"

బాపు నా వైపు మొహం తిప్పాడు. పిల్ల చదివిన పుస్తకాన్ని ఇంకో కార్డులోకి ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. కార్డు కాగితంలో చుట్టి ఆయన జేబులో పెట్టాను. నవల కూడా ఇవ్వమన్నాడు బాపు. ఆయనకు కూడా సదరం కాగితం ఉందో లేదో కనుక్కుని ఇస్తానన్నాను. ఉందట, మనవడు రేపు ఫొటో పంపుతానన్నాడు.

కార్డు పెట్టుకోవడానికి ఆయన దగ్గర పెట్టె లేదు. రేపు ల్యాబ్ అయ్యాక చౌరస్తాకు పోయి ఇంకో నాలుగు బెల్ స్విచ్‌లు తేవాలి. రేడియో డబ్బా ఆయన ఇంట్లోనే అటక మీద ఉందట.